గిటార్‌కి అంచు కట్టిన మధ్యాహ్నం

గిటార్ పనిలో అంచుపట్టీ కట్టడమంటే నాకు మొదట్నించీ చిరాకే. పైచెక్కా పక్కచెక్కా కలిసేచోట సన్నగా గాడి తియ్యాలి. పుల్లంత సన్నటి నల్లచెక్క పట్టీని తడిపి, కాలుతున్న ఇనపగొట్టం మీద వంచి, జిగురు పూసి ఆ గాడిలో కూర్చాలి. జిగురు ఆరేలోగా, బోలుగా ఉండే గిటార్ పెట్టె చుట్టూ నూలుపట్టీ బిగించి చుట్టాలి. చూసేవాళ్లకి అదొక సోకు. నడుం పడిపోయేది మాకు.

ఆ గిటార్ మా అన్న చేసింది. అంచు ఒక్కటే మిగిలుండగా, ఏడాది కిందట పోయాడు. పనిలో వాడు నాకంటే మెరుగని అందరూ అనేవాళ్లు. నిజమే కాబట్టి నాకు మరీ మండేది. ఇన్నాళ్లకి దాన్ని బయటికి తీశాను. మర్నాడు పేరున్న ఒక గిటారిస్టు వచ్చి దాన్ని తీసుకెళ్లబోతున్నాడు. లోపల అన్న సంతకం ఉన్న చీటీ గీకేసి నా చీటీ అంటించాను. ఆ ఒక్క గిటార్‌తో నా దశ తిరిగిపోతుంది. ఆ గిటార్ ఏదని వదిన అడిగితే చెక్క పగిలిందని, పారేశానని చెప్పాను. నమ్మింది పాపం.

మధ్యాహ్నం మూడయింది. బయట ముసురు. గదంతా కాలిన తడిచెక్క వాసన. పట్టీ కూర్చి చుట్టడం మొదలుపెట్టాను. చిత్రంగా పని చకచకా సాగింది. నేను లాగడం, పెట్టె తిరగడం. లాగడం, తిరగడం. నా పనితనానికి నేనే మురిసిపోయాను. అన్న లేనిదే నాకు పని సాగదన్నవాళ్లని పిలిచి చూపించాలనిపించింది.

సగం చుట్టాక చెయ్యి ఆగింది.

ఈ పని ఒక్కడి వల్ల కాదు. ఒకరు పట్టీ లాగుతుంటే ఇంకొకరు పెట్టెని పట్టుకుని తిప్పాలి. ఇరవై ఏళ్లుగా నేను లాగాను, అన్న తిప్పాడు.

మరి ఇప్పుడు...

పెట్టె మెల్లగా ఇంకో చుట్టు తిరిగింది. నేను లాగలేదు.

వార్నిష్ వాసన వచ్చింది. అన్న పోయినప్పట్నించీ, ఏడాదిగా నేను పక్కనున్న వార్నిష్ గది తలుపు తియ్యలేదు. అన్నకి ఉబ్బసం. తడి వార్నిష్ మీద దుమ్ము పడకూడదని, వాడు లోపలుండగా బయట గడియ పెట్టడం మామూలే. వాడు పోయిన రోజూ పెట్టాను. కాసేపటికి దగ్గు వినిపించింది. తర్వాత తలుపు మీద గోళ్లతో గీరుతున్న చప్పుడు. నేను రేడియో శబ్దం పెంచాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"తమ్ముడూ..." చెవి పక్కనే. ఊపిరందని గొంతు. "బిగించి లాగరా."

నూలుపట్టీ నా మణికట్టుకి చుట్టుకుంది. విదిలించాను. పెట్టె తిరిగింది. మోచెయ్యి... భుజం... ఛాతీ. ఊపిరి పీల్చాను. వదిలాను. వదిలినప్పుడల్లా ఒక చుట్టు బిగిసింది.

"తప్పయిపోయింది అన్నా."

"తెలుసు. కదలకు... ఇంకా ఆరాలి."

పొద్దుగూకే వేళ వదిన వచ్చి కత్తెరతో నన్ను విడిపించింది. నేల మీంచి లేవకుండానే ఆవిడకి అంతా చెప్పేశాను. తిట్టలేదు. బల్ల మీద గిటార్ ఉంది, అంచు ఎక్కడా వంక పెట్టడానికి లేకుండా. దాన్ని ఒళ్లోకి తీసుకుంది.

"ఆ గదిలోంచి ఆయన నన్నేమైనా పిలిచారా?" అని అడిగింది.

నాకు తెలీదు. అప్పుడు రేడియో మోగుతోంది.

తనే నన్ను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. గాయాలేం లేవు, జడుసుకున్నాడంతే అన్నారాయన. ఎందుకైనా మంచిదని నా ఛాతీ మీద ఒక వేలు ఆనించి, రెండో చేతి వేలితో తట్టారు. ఖాళీ చెక్కపెట్టెలా మోగింది. ఆయన చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

వదిన కుర్చీ దగ్గరికి జరుపుకుని, లోపల్నించి ఎవరో పిలుస్తారన్నట్టు చెవి ఒగ్గి, ఇంకోసారి తట్టమని అడిగింది.