ఆరో సీను

"ఆరో సీను తీసేసిన" అంది రుచిత, స్క్రిప్టు కాగితాల మీంచి తల ఎత్తకుండానే.

భేస్తాన్‌లోని వలస నేతకార్మికుల తెలుగు సంఘం హాల్లో అందరూ నోళ్లు తెరుచుకుని చూశారు. పైన రేకుల మీద వాన దంచి కొడుతోంది.

"తీసేసుడేంది?" శివకృష్ణ గొంతు పెంచాడు. "నాటకానికి పానమే అది! పెండ్లానికి బార్డోలీల నౌకరి వచ్చింది. మొగడు వద్దని ఐదు సీన్లు లొల్లి వెట్టిండు. ఆఖరికి బస్టాండుకొచ్చి, చెయ్యి వట్టుకొని 'నేనూ వస్త, నన్ను తోలుకపోతవా' అని అడుగుతడు. అది తీస్తే ఇంకేం మిగిలింది?"

"ఆమె మిగిలింది. ఆడదాని స్వేచ్ఛ గురించి నాటకమేసి, చివర్ల మొగోడొచ్చి చెయ్యి వట్టుకుంటే చప్పట్లన్నీ వానికే పోతయ్. ఫెమినిస్ట్ రీడింగ్‌ల అది వీక్ ఎండింగ్."

"మరి రాసింది నువ్వే గద?"

"అందుకే తీసేటిదాన్ని గూడ నేనే."

వాదంలో తప్పేం లేదు. కాకపోతే నిన్నటి రిహార్సల్ దాకా ఆ వాదం రుచితకు గుర్తే రాలేదు. నిన్న ఆ సీన్లో మొగుడి వేషం వేసిన శివకృష్ణ, పెళ్లాం వేషం వేసిన నవత చెయ్యి పట్టుకున్నాడు. డైలాగు అయిపోయింది. అయినా వదల్లేదు. అంతసేపు పట్టుకోమని స్క్రిప్టులో ఎక్కడా లేదు!

రుచిత తండ్రి నర్సింగం మరమగ్గాల మేస్త్రీ. కూతురు ఆధునిక నాటకాల్లో స్త్రీ స్వేచ్ఛ, పెళ్లి మీద పీహెచ్‌డీ చేస్తోందని కనిపించినవాళ్లందరికీ చెప్పుకుంటాడు. సంఘం వార్షికోత్సవానికి ఈ నాటకం రాసిందీ, ఆడిస్తున్నదీ ఆమే.

శివకృష్ణ రింగ్ రోడ్‌లో ఒక చీరల దుకాణానికి కంప్యూటర్ మీద డిజైన్లు గీస్తాడు. రెండు నెలల కింద, చాయ్ తాగుతూ, "మనం పెండ్లి చేసుకుందామా?" అని అడిగాడు.

"నేను చదివే నాటకాలన్నిట్ల పెండ్లి ఆడదాని మెడకు గుదిబండనే. జర టైమియ్యి" అంది రుచిత.

"సరే" అన్నాడు. మళ్లీ ఆ మాటెత్తలేదు.

అది మర్యాదో, మనసు మారడమో తెలియక ఆమె కొట్టుమిట్టాడుతుండగానే సిరిసిల్ల నుంచి నవత దిగింది. మేనత్త ఇంట్లో ఉంటూ ఒక పళ్ల డాక్టర్ దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుంది. నవ్విందంటే ఒళ్లంతా ఊగిపోయేలా నవ్వుతుంది.

వాన వెలిశాక శివకృష్ణ స్కూటీ తీశాడు. "నాటకానికి చీర తేవాలె" అంటూ నవతను ఎక్కించుకుని వెళ్లిపోయాడు. గంట ఓపిక పట్టి రుచిత ఫోన్ చేసింది.

"యాడున్నవ్?"

"దుకాణంల. గులాబీ రంగా, చిలకపచ్చనా అని చూస్తున్నం."

"ఆమెకేది నచ్చిందట?"

"నేనేదంటే అదే అంటున్నది."

రుచిత టక్కున ఫోన్ పెట్టేసింది. ఎర్ర పెన్ను తీసి, రెండో సీన్లో మొగుడు పెళ్లాన్ని నవ్వించే మాటలు కొట్టేసింది. నాలుగో సీన్లో వాడు మిర్చి బజ్జీలు తెచ్చే ముక్క కూడా ఎగిరిపోయింది.

మర్నాడు రిహార్సల్లో శివకృష్ణ కొత్త కాగితాలు తిరగేసి చూశాడు.

"నవ్వుడు కట్. బజ్జీలు కట్. మొన్నటిదాంక మొగడు మనిషి లెక్క ఉండె. ఇయ్యాల తిట్టుడు తప్ప నాకు వేరే పనే లేదు!"

సంఘం పెద్ద సదానందం కళ్లద్దాలు సవరించుకున్నాడు. "బిడ్డా, ఇంకొక్క సీను తీసినవంటే నాటకం కంటే నా ఉపన్యాసమే పొడుగైతది."

శివకృష్ణ ఆమె దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "నిజం చెప్పు. ఇది ఫెమినిజమా, కుళ్లా?"

"కుళ్లా! నాకా!" రుచిత ముఖం భగ్గుమంది. కాగితాలు కుర్చీలో పడేసి వరండాలోకి వచ్చేసింది.

వెనకే ఎవరో వచ్చారు. శివకృష్ణే అనుకుని వెనక్కి తిరిగింది. నవత.

"అక్కా, ఒక్క మాట. ఆరో సీను ఉంచవా?"

"ఎందుకు? చెయ్యి వట్టుకుంటడనా?" అనకూడదనుకుంటూనే అనేసింది.

నవతకు ఆ వెటకారం అందలేదు. రెయిలింగ్ పట్టుకుని నిలబడింది.

"నాకు పెండ్లయింది అక్కా. ఈడ పళ్ల డాక్టర్ దగ్గర నౌకరి వస్తే మా ఆయిన ఒద్దన్నడు. నౌకరి గావాల్నా, నేను గావాల్నా అన్నడు. సంచి సర్దుకున్న. బస్సెక్కేదాంక ఎన్కకు చూసుకుంటనే ఉన్న. వస్తడేమో, నాతోని వస్తనంటడేమో అని. రాలే."

"వచ్చుంటే ఇంటికి మళ్లేదానివా?"

"మళ్లకపోదును. ఎంట తోలుకపోదును." నవత కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మొన్న శివన్న ఆ డైలాగు చెప్పంగనే నా చేతులు ఒణికినయ్. శివన్న చూసిండు. అందుకే ఎంటనే ఇడ్సిపెట్టలే. స్వేచ్ఛ అంటే ఒక్కదాన్నే ఉండాలనా అక్కా? నీ పుస్తకాలల్ల గట్లనే ఉంటదా?"

రుచిత మూడేళ్లుగా ఇలాంటి ఆడవాళ్ల గురించే చదువుతోంది. తీరా అట్లాంటి మనిషి ఎదురుగా నిలబడితే, ఆమె ఎదురుచూసిన మాటలే ఎర్ర పెన్నుతో కొట్టేసింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"నవతా, నేను థియరీ కోసం తియ్యలే. నిన్ను చూసి ఓర్వలేక తీసిన."

నవత ఒక్క క్షణం బిత్తరపోయింది. తర్వాత రెయిలింగ్ ఊగేలా నవ్వింది.

"అయ్యో అక్కా! స్కూటీ మీద పోయినంతసేపు నీ ముచ్చటే. దుకాణంల నన్ను నిలవెట్టి, చీర నా మీద ఏసి, రుచితకైతే ఏది బాగుంటది అనుకుంట చూసిండు. నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే!"

రుచిత లోపలికి వెళ్లింది. అందరి ముందూ శివకృష్ణ చేతిలో పాత కాగితాలు పెట్టింది. "ఆరో సీను ఉంటది. బజ్జీలు గూడ ఉంటయ్. నువ్వు అడిగినవే, అది కుళ్లే."

అతను ఆరో సీను కాగితం పైకి తీశాడు.

నాటకం రోజు ఆరో సీన్లో ఆడవాళ్లందరూ కొంగులతో కళ్లొత్తుకున్నారు. చప్పట్లన్నీ నవతకే పడ్డాయి.

ఆ ఆదివారం పొద్దున్నే రుచిత తండ్రిని వెంటబెట్టుకుని శివకృష్ణ ఇంటికి వెళ్లింది. "పిలగాన్ని చూస్తానికి పిల్ల పోవుడేంది బిడ్డా" అని నర్సింగం దారంతా గొణుగుతూనే ఉన్నాడు.

శివకృష్ణ తల్లి ఎల్లవ్వ వాళ్లను కూర్చోబెట్టింది. రుచిత సూటిగా చెప్పింది.

"అత్తమ్మా, మీ కొడుకంటే నాకిష్టం. చేసుకుంట. గానీ నా చదువు ఆగొద్దు. రేపు నౌకరి ఏ ఊర్ల వచ్చినా పోత."

ఎల్లవ్వ ఆమెను ఎగాదిగా చూసింది. "నేను ఇరవై ఏండ్లు చీరలకు కుచ్చులు కట్టి వీన్ని సాదిన. ఆడిది పనికి పోతే ఏమైతదో నాకు చెప్తవా?" వంటింటి వైపు తిరిగింది. "ఒరేయ్, చాయ్ అయిందా? పట్టుకరా, నిన్ను చూస్తానికొచ్చిండ్రు!"

శివకృష్ణ తలొంచుకుని కప్పులు తెచ్చాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి. నర్సింగం ఆపుకోలేక నవ్వేశాడు.

పెద్దలు మాటల్లో పడ్డాక ఇద్దరూ గుమ్మం బయట నిలబడ్డారు.

"రెండు నెలలు ఒక్కపాలి గూడ అడగవైతివి. నీకేం అనిపియ్యలేదా?"

"ఎందుకనిపియ్యదు? దినాం 'గైడ్ సార్ గిట్లన్నడు, గైడ్ సార్ గట్లన్నడు' అంటుంటే నాకు అన్నం సహించలే."

రుచిత కళ్లు పెద్దవయ్యాయి. "సార్ వచ్చే నెల రిటైర్ అయితున్నడు. ముగ్గురు మనుమరాండ్లు!"

శివకృష్ణ తల కొట్టుకున్నాడు. "గా ముచ్చట ముందే చెప్పొద్దా?"

లోపల్నుంచి ఎల్లవ్వ కేకేసింది. "బిడ్డా, ముహూర్తం అడుగుతున్నడు మీ నాయిన. మావాన్ని అడుగుడేంది గానీ, నీకెప్పుడు వీలైతదో నువ్వు చెప్పు!"

రుచిత శివకృష్ణ వైపు తిరిగింది.

"నీకెప్పుడు వీలైతది?"