రెండోతోలు

"చేతులు పైకెత్తు," అంది సైనిక డాక్టర్ కెప్టెన్ ఇందుమతి.

నాయక్ మస్తాన్ వలి ఎత్తాడు. గోడలోని యంత్రం అతని రెండోతోలును తల నుంచి పాదాల దాకా చదివి, "యోగ్యుడు," అని పలికింది.

బయట ఇసుక మీద ఎండ యాభై ఎనిమిది డిగ్రీలు. ఆ ఎండలో మామూలు బట్టలతో మనిషి ఒక పూట బతకడు. అందుకే సరిహద్దు జవాన్లకు వేసవి మొదట్లో రెండోతోలు అతికిస్తారు. వానలు పడ్డాకే ఒలుస్తారు. ఒంటిని చల్లబరిచేదీ అదే, పక్క జవాను తోలుతో కలిసి కంటికి కనపడని కంచె అల్లేదీ అదే.

ఇందుమతికి ముక్కిపోయిన తడిగుడ్డ వాసన తగిలింది.

"నిద్ర పడుతోందా?"

"యాడ పడుతుంది మేడమ్! లోపల చీమలు పారినట్టుంటాది. గోక్కుందామంటే గోరు దిగదు."

ఆమె మెడ దగ్గర అంచు ఎత్తి చూసింది. తామర మచ్చలు ఒకదాన్నొకటి కలుపుకుని వీపంతా పాకాయి. చర్మం నానిన కాగితంలా ఊడివస్తోంది. యంత్రం చదివేది పైతోలునే.

"ఒలిచేస్తాను."

"వద్దు మేడమ్! నాది తీస్తే నా జాగా కూడా పక్క పోస్టు వీరేశమే కాయాల. వాని తొడలు పచ్చిపుండ్లు. నడవలేకుండాడు."

పోయిన వారం సోమశేఖర్ అనే జవాను ఒళ్లంతా చీముపట్టి, నెత్తురు విషమై చనిపోయాడు. ఆ పొద్దున కూడా అతను యోగ్యుడే. పైవాళ్లకు చెబితే వానల దాకా ఆగమన్నారు.

ఇందుమతి బ్లేడు తీసుకుంది. తోలు వీడగానే గదిలో ఎర్రదీపం వెలిగింది. వెంటనే గోడలోని స్పీకర్లోంచి కమాండర్ గొంతు వినబడింది.

"డాక్టర్, కంచెలో ఖాళీ పడింది. దాంట్లోంచి ఎవడైనా దూరితే చచ్చేది మనవాళ్లే."

"తెలుసు సార్."

అది నిజమే. అయినా ఆమె మందు రాయడం ఆపలేదు. ఫ్యాను గాలి వీపుకు తగలగానే మస్తాన్ వలి ముఖం గోడకు ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు.

"మళ్లీ అతికించండి. ఇది ఆర్డర్," అన్నాడు కమాండర్.

ఆమె అతన్ని చల్లగదిలో పడుకోబెట్టి వచ్చి తలుపు తెరిచింది. వరండాలో జవాన్లు తనిఖీ కోసం వరసగా నిలబడి ఉన్నారు.

"ఎవరూ పోస్టుకు వెళ్లకండి. వీరేశం, లోపలికి రా."

"ఎంతమందికి తీస్తారు డాక్టర్?" కమాండర్ గొంతులో ఈసారి కోపం లేదు, భయం ఉంది.

"ఉన్నవాళ్లందరికీ సార్."

వీరేశం కాళ్లు ఎడంగా వేసుకుంటూ, తలుపు పట్టుకుని గడప దాటాడు.