కొట్టివేత కింద చుక్కలు

తలుపు తీసేసరికి గుమ్మంలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. చేతిలో కవరు, చొక్కా జేబులో ఎర్ర పెన్ను. రచయిత్రి కవరు కంటే ముందు పెన్ను చూసింది. ఆరేళ్లుగా తన రాతప్రతుల మీద గీతలు గీస్తున్న చెయ్యి ఇదేనని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

వారపత్రికలో ప్రూఫ్ రీడర్నని చెప్పుకున్నాడు. పద్నాలుగో వారం సీరియల్ బదులు ఆమె ఆఖరి వారం పంపిందన్నాడు. మనిషికి యాభై ఉంటాయి. జుట్టు వర్షానికి తడిసి నుదుటికి అతుక్కుపోయింది. చేతిలో గొడుగున్నా ఎలా తడిశాడా అని చూస్తే, గొడుగుకి సరిగ్గా నడినెత్తిన చిల్లు ఉంది.

ఆమె కవరు గబుక్కున లాక్కుంది. తడుస్తుందని కాదు.

ఆమెకు ఒక అలవాటు. ఏ నవలైనా ఆఖరి అధ్యాయమే ముందు రాస్తుంది. రాసి, కవరులో పెట్టి అంటించి, కుట్టుమిషను సొరుగులో దాచి, అప్పుడు మొదటి అధ్యాయానికి కూర్చుంటుంది. ముప్పై ఆరో ఏట అక్షరాలు నేర్చుకున్న మనిషి. అప్పటిదాకా బస్సు ఎక్కడికి పోతుందో పక్కవాళ్లని అడిగి ఎక్కేది. రెండుసార్లు ఎవరో తప్పు చెప్పి ఆమెను ఊరి అవతల దింపారు. అందుకే ఎక్కడ దిగాలో తెలియకుండా ఆమె ఇప్పుడు బస్సూ ఎక్కదు, నవలా ఎక్కదు.

ఆ సొరుగులో ఈ వారానిది ఒకటి, ఆఖరిది ఒకటి, రెండు కవర్లున్నాయి. రెండూ ఒకే రంగు. ఒకదాని బదులు ఇంకొకటి పోస్టులో పడింది.

"ఎవరెవరు చదివారు?" అని అడిగింది.

"నేను. ఎడిటర్ గారు."

"ఏమన్నారు?"

"అప్పటికి చూద్దాం అన్నారు."

పత్రికలవాళ్లు చూద్దాం అంటే కుదరదని అర్థం. ఆరేళ్లలో ఆమె ఆ భాష కూడా నేర్చుకుంది. ఆ అధ్యాయంలో నలభై ఎనిమిదేళ్ల టైలరింగ్ టీచరు, భర్త పోయిన మనిషి, ఒక బస్సు మెకానిక్‌ని పెళ్లి చేసుకుంటుంది. చాటుగా కాదు, తన కుట్టు క్లాసు పిల్లలందరి ముందు.

కవరు విప్పింది. ఆఖరి పేజీలో ఒక వాక్యం మీద ఎర్రగీత అడ్డంగా పడి ఉంది. మెకానిక్ టీచరుతో అనే మాట అది: "రేపటి నుంచి నా చెప్పులు మీ గుమ్మం ముందే ఉంటాయి."

"తిరిగి ఇవ్వడానికి తెచ్చిన కాగితం మీద కూడా గీత గీశారా?"

"అలవాటు," అన్నాడు అతను, కాస్త సిగ్గుపడి. "చేతిలో పెన్ను ఉంటే ఆగదు. కానీ ఇది మాత్రం అలవాటుగా గీసింది కాదు. మెకానిక్ అలా మాట్లాడడండీ."

"మరేం చేస్తాడు?"

"ఏమీ అనడు. నిలబడతాడు."

"ఊరికే నిలబడే మగవాళ్లని బోలెడంతమందిని చూశాను. నోరు తెరిచి చెప్పేవాడు ఎక్కడా కనబడకే నవల రాసుకుంటున్నాను," అంది ఆమె.

 అతను తన పని తీరు తనే బయటపెట్టాడు. కొట్టేసిన మాట కింద వరసగా చుక్కలు పెడితే, ఆ మాట అలాగే ఉండాలని అర్థమట. ప్రపంచంలో ఎంత పెద్ద ప్రూఫ్ రీడరైనా చుక్కలు పడ్డాక దాని జోలికి పోకూడదట.

ఆమె అక్కడే నిలబడి, చెవి వెనక ఉన్న పెన్సిలు తీసి, కాగితాన్ని గోడకి ఆనించి చుక్కలు పెట్టింది. ఆ నొక్కుడికి కాగితం వెనక్కి కూడా దిగాయి.

"చాలు, చాలు. అర్థమైంది," అన్నాడు అతను.

లోపల కిటికీ దగ్గర ఆమె అత్తగారు పాత స్వెటరు విప్పి ఊలు ఉండ చుడుతోంది. "ఎవరమ్మాయ్?" అని అడిగింది. పత్రికవాళ్లని చెప్పింది కోడలు. పత్రికవాళ్లయితే గుమ్మంలోనే నిలబెట్టి తడపాలా అని అత్తగారు విసుక్కుంది.

ఆ ఇంట్లో ఉన్నది వాళ్లిద్దరే. పన్నెండేళ్ల కిందట కొడుకు పోయాక అత్తగారు ఎక్కడికీ వెళ్లలేదు, కోడలూ ఎక్కడికీ వెళ్లలేదు. పొద్దున్నే కోడలు నాలుగు జాకెట్లకి కాజాలు కుట్టి, ఆ తర్వాత మిషను మీద మూత వేసి దాని మీదే రాస్తుంది. నాయకుడి మాటలు నిలబడి బిగ్గరగా అంటుంది, నాయిక మాటలు కూర్చుని అంటుంది. నోటికి పలకని మాట కాగితం మీద పెట్టదు. రాసింది అత్తగారికి చదివి వినిపిస్తుంది. అత్తగారికి చదువు రాదు. బాగుందని, బాగులేదని ఎప్పుడూ అనదు. ఊలు చుట్టే చేతులు ఆగాయంటే ఆ అధ్యాయం పత్రికకి వెళుతుంది. ఆగకపోతే మళ్లీ రాయాలి.

నాలుగు నవలలు అలా ఆ చేతుల్ని దాటి వెళ్లాయి. ఈ ఆఖరి అధ్యాయం మాత్రం ఆమె వినిపించలేదు. పోయిన కొడుకు తల్లి ముందు కూర్చుని ఆ పెళ్లి చదవడానికి నోరు రాలేదు.

మళ్లీ కవర్లు తారుమారు కాకూడదంటూ ఆ మంగళవారం నుంచి ప్రూఫ్ రీడరే వచ్చి రాతప్రతి పట్టుకెళ్లడం మొదలుపెట్టాడు. కిందటి వారం కాగితాలు తిరిగి తెచ్చేవాడు. వాటి మార్జిన్లలో ఎర్ర సిరా ప్రశ్నలుండేవి. ఆమె పెన్సిలుతో జవాబు రాసేది.

'నాయకుడికి ఆరో వారంలో మీసం ఉంది. పదిహేనులో లేదు.'

'తీయించుకున్నాడు. మిమ్మల్ని అడగాలా?'

'ఈమె ఒకే పేజీలో మూడుసార్లు కిటికీలోంచి చూసింది.'

'వచ్చేవాడు ఆలస్యం చేస్తే ఏం చేస్తుంది?'

ఆ వారం అతను నిజంగానే గంట ఆలస్యంగా వచ్చాడు. మార్జిన్ చదివి, బస్సు దొరకలేదని నోటితో సంజాయిషీ చెప్పుకున్నాడు. తను నవల గురించి రాశానంది ఆమె. నేనూ నవల గురించే చెబుతున్నానన్నాడు అతను. ఇద్దరూ చెరోవైపు చూశారు.

పెళ్లెందుకు చేసుకోలేదని ఒకసారి అత్తగారే అడిగేసింది. ఒకసారి కుదిరిందట. శుభలేఖ అచ్చుకి వెళ్లేముందు చూడమని మామగారు కాబోయే ఆయన అతని చేతికిచ్చాడట. ఇతను అందులో పదకొండు తప్పులు దిద్ది, కింద సంతకం పెట్టి మరీ పంపాడట. అందులో మూడు ఆ మామగారి వంశం గొప్పలు. సంబంధం ఆ సాయంత్రమే తప్పిపోయింది. అత్తగారు నవ్వి నవ్వి ఊలు ఉండ కింద పడేసింది. అది దొర్లుకుంటూ పోయి అతని కాళ్ల దగ్గర ఆగింది. అతను దాన్ని తీసి, వదులైన నాలుగు చుట్లు సరిచేసి మరీ ఇచ్చాడు.

ఇరవై ఒకటో వారంలో బస్సు మెకానిక్ చిల్లు గొడుగు వేసుకుని వానలో వచ్చాడు.

"ఈ గొడుగు ఎక్కడో చూసినట్టుందండీ," అన్నాడు ప్రూఫ్ రీడరు.

"లోకంలో చిల్లు గొడుగు మీదొక్కటేనా?"

అతను దాని మీద గీత గీయలేదు. గొడుగూ బాగు చేయించుకోలేదు.

ఆఖరి వారం వచ్చింది. ఈసారి ప్రూఫు అతను తేలేదు. కబురు వస్తే ఆమే ఆఫీసుకి వెళ్లింది. కింద అంతస్తులో అచ్చు యంత్రం నడుస్తుంటే మెట్లు కూడా కొంచెం కొంచెం ఊగుతున్నాయి. పైన కాగితాల కట్టల మధ్య ఎడిటర్ గారు, ఆయన పక్కన ఆకుపచ్చ సిరా సీసా. గోడవైపు బల్ల దగ్గర ప్రూఫ్ రీడరు తలెత్తకుండా కూర్చుని ఉన్నాడు.

ఎడిటర్ గారు మంచిమాటలతోనే మొదలుపెట్టారు. నవల బ్రహ్మాండంగా ఉందన్నారు. కాకపోతే ఆఖరి రెండు పేజీలు ఆయన ఆకుపచ్చ సిరాతో కొట్టేశారు. వాటి బదులు మెకానిక్ బదిలీ అయి రైలెక్కుతాడు. టీచరు ప్లాట్‌ఫారం మీద నిలబడి కళ్లు తుడుచుకుంటుంది.

"గౌరవంగా విడిపోతారమ్మా. ఇద్దరి పరువూ దక్కుతుంది."

"ఆవిడ పరువు ఆవిడ దగ్గరే ఉంది సార్. పోగొట్టుకున్నానని ఆవిడ మీతో అనలేదు."

పాఠకులు ఒప్పుకోరన్నారాయన. ఇరవై ఐదు వారాలుగా వాళ్లు ఉత్తరాలు రాస్తున్నది ఈ ఇద్దరూ ఎప్పుడు కలుస్తారనే కదా అందామె. అది వేరన్నారాయన, కలుస్తారేమో అనుకోవడం వేరు, కలవడం వేరు.

 ఆమె కుర్చీ లాక్కుని, చెవి వెనక పెన్సిలు తీసి, ఆకుపచ్చ గీతల కింద చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. రెండు పేజీలు, వరస వరసకీ.  ఎడిటర్ గారు ప్రూఫ్ రీడరు వైపు తిరిగి ఇదేమిటన్నారు.

అతను లేచి నిలబడ్డాడు. "చుక్కలు పడ్డాక కొట్టివేత చెల్లదు సార్. ఇరవై ఆరేళ్లుగా ఈ ఆఫీసు పద్ధతి అదే. కాదంటే ఈ ప్రూఫు మీద నేను సంతకం పెట్టలేను."

నిలబడతాడు, ఏమీ అనడు అన్న మనిషి నిలబడి అన్నాడు. ఆమె పెన్సిలు ఒక్క క్షణం ఆగింది.

ఎడిటర్ గారు అప్పుడు అసలు మాట తీశారు. ఇంట్లో అత్తగారు ఉన్నారట కదా, పెద్దావిడ ఇది విన్నారా అని. కొడుకుని పోగొట్టుకున్న తల్లికి ఇది చదివి వినిపించగలిగితే, ఆవిడ సరే అంటే, అక్షరం మార్చకుండా అచ్చు వేస్తానన్నారు. రేపు మధ్యాహ్నం దాకా గడువు.

రెండు పేజీలకి చుక్కలు పెట్టిన పెన్సిలు చెవి వెనక దోపుకుని ఆమె లేచింది.

ఇంటికి వచ్చాక కాళ్లు కూడా కడుక్కోకుండా అత్తగారి ఎదుట కూర్చుని చదివింది. నాయకుడి మాటలకి నిలబడలేదు. అన్నీ కూర్చునే, తల వంచుకునే చదివింది. అత్తగారి చేతులు ఆగలేదు. క్లాసు పిల్లల ముందు టీచరు ఔనన్నప్పుడూ ఆగలేదు. చెప్పుల మాట దగ్గర కూడా ఊలు అలా తిరుగుతూనే ఉంది.

చదవడం అయిపోయింది. ఉండ ఇంకో నాలుగు చుట్లు పెరిగింది.

"చేతులు ఆగలేదు అత్తయ్యా," అంది కోడలు.

"ఎందుకాగుతాయి? తెలియని సంగతి వింటే ఆగుతాయి. చిల్లు గొడుగు వచ్చిన రోజునే నాకు తెలుసు," అంది అత్తగారు. తర్వాత, ఊలు వైపే చూస్తూ, "నువ్వు బస్సుల మీద పేర్లు చదువుతానంటే, పోయి నేర్చుకోమన్నది నా కొడుకు. వాడు పోయాక నేర్చుకున్నావు. వాడున్నా నీ రాతలో ఒక్క ముక్క కొట్టేసేవాడు కాదు. ఆ ఎడిటరెవడు కొట్టడానికి?"

కోడలు ఆ ముసలి ఒడిలో తల పెట్టింది. అత్తగారు ఒక చేత్తో తల నిమురుతూ, రెండో చేత్తో ఊలు చిక్కుపడకుండా పట్టుకుంది.

మర్నాడు కోడలిని వెంటబెట్టుకుని అత్తగారు తనే బయల్దేరింది. ఊగే మెట్లు ఎక్కి, ఎడిటర్ గారి ఎదుటి కుర్చీలో కూర్చుని, సంచిలోంచి ఊలు తీసింది.

"అత్తగారిని అడగాలన్నారట. నేనే. అడగండి నాయనా."

ఎడిటర్ గారు కుర్చీలోంచి సగం లేచారు. ఆవిడే అడిగింది. మీ రైలు కథ చదవండి, నేనూ వింటాను అంది. ఆయన రెండు వాక్యాలు చదివేసరికి ఆవిడ, పాపం, అతను రైలెక్కితే బస్సులెవరు బాగుచేస్తారు అంది. గోడవైపు బల్ల దగ్గర ఎవరికో పొలమారింది. ఎడిటర్ గారు కాగితం మడిచి, ఆకుపచ్చ సీసాకి మూత బిగించారు.

ప్రూఫ్ రీడరు ఆఖరి ప్రూఫు తెచ్చి రచయిత్రి ముందు పెట్టాడు. ఒక్కసారి చూసి సంతకం చెయ్యమన్నాడు. చెయ్యబోతూ ఆమె పేజీ అడుగుకి చూసింది. కథ అయిపోయిన చోట, కింద ఖాళీలో, ఎర్ర సిరాతో ఒక చిన్న వాక్యం ఉంది. రాసిన చెయ్యే దాన్ని అడ్డంగా కొట్టేసింది కూడా. గీత కింద అక్షరాలు శుభ్రంగా కనిపిస్తున్నాయి.

'మంగళవారాలు సరిపోవడం లేదు.'

ఆమె తలెత్తింది. అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఒకే పేజీలో మూడుసార్లు చూసిన టీచరులాగే.

ఆమె పెన్సిలు తీసింది. ఆ వాక్యం కింద, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, ఒక్కటీ వదలకుండా చుక్కలు పెట్టింది. కాగితం అతని వైపు తిప్పింది.

అతను చాలాసేపు చదివాడు.

"ఇది అచ్చులో రాకూడదు కదండీ," అన్నాడు చివరికి. 

"అచ్చు కోసం పెట్టలేదు. మీ పద్ధతి మీరే చెప్పారు, చుక్కలు పడ్డాక ఇక మీరు చేసేదేమీ లేదు."

అత్తగారి చేతిలో ఊలు ఆగింది. ఇద్దరూ అటు చూసేసరికి మళ్లీ తిరగడం మొదలుపెట్టింది.

మరుసటి వారం మంగళవారం అతను రాలేదు. ఆమె కాజాలు కుట్టింది, మిషను మీద మూత వేసింది, కొత్త నవలకి కాగితం పెట్టుకుంది. మొదటిసారిగా ఆఖరి అధ్యాయంతో మొదలుపెట్టలేదు. ఒకటో పేజీ, ఒకటో వాక్యం. ఎక్కడ దిగాలో తెలియదు, అయినా ఎక్కింది.

బుధవారం పొద్దున్న ముసురు పట్టింది. అత్తగారు తలుపు తీసి, కిందికి చూసి, లోపలికి కేకేసింది.

"అమ్మాయ్, ఇవాళ ఏ వారం?"

గోడకి ఆనించిన చిల్లు గొడుగు పక్కన, గుమ్మం ముందు మగవాళ్ల చెప్పుల జత ఒకటి ఉంది. అచ్చులో పేర్చిన వరసలా, వెంట్రుకవాసి వంకర లేకుండా.