బట్టీని పట్టే టోపీ

"వాన ఎలా కురుస్తుందో చెప్పు" అని డాక్టర్ ఇందుమతి అడిగిందో లేదో, పదకొండేళ్ల కుసుమ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేసింది. "సూర్యరశ్మి వలన సముద్రజలము ఆవిరియై, ఆకాశమునకు చేరి, మేఘములుగా మారి..."

తలమీది టోపీలో ఎర్రదీపం వెలిగింది. అద్దం తలుపు బయట నిలబడి చూస్తున్న తండ్రి పైడిరాజు నెత్తి కొట్టుకున్నాడు.

2058లో, విజయనగరంలోని ఆ బడిలో పరీక్షలు లేవు. వాటి బదులు ఇందుమతి కనిపెట్టిన ఈ టోపీ ఉంది. దీని కిటుకు పెద్ద కష్టమైనదేం కాదు. బట్టీ పట్టింది అప్పజెబుతున్నప్పుడు మెదడులో మాటలు దాచుకున్న చోటు ఒక్కటే పనిచేస్తుంది. అర్థమైంది చెబుతున్నప్పుడు మాత్రం కంటితో చూసినవీ, చేత్తో ముట్టుకున్నవీ దాచుకున్న చోట్లు కూడా నిద్ర లేస్తాయి. టోపీలోని సెన్సర్లు ఆ తేడా పసిగడతాయి. మొదటిదానికి ఎర్రదీపం, రెండోదానికి పచ్చదీపం. ఈ టోపీ వచ్చాక ఊళ్లో ఎంతమంది ఫస్టు ర్యాంకర్లకి ఎర్రదీపం వెలిగిందో చెబితే వాళ్ల తల్లిదండ్రులు నొచ్చుకుంటారు, వదిలేద్దాం.

కుసుమకి రెండు టర్ములుగా అన్నీ ఎర్రదీపాలే. ఈసారి ఒక్క పచ్చదీపమైనా రాకపోతే విశాఖపట్నం హాస్టల్లో వేసేస్తానని పైడిరాజు తేల్చేశాడు. సీటు కూడా మాట్లాడి వచ్చాడు. పచ్చదీపం వస్తే మాత్రం, ఏడాదిగా అడుగుతున్న, నేలకి తాకకుండా తేలిపోయే గాలి స్కేట్లు కొనిస్తానన్నాడు. రెండు మాటలూ ఒకే ఊపులో అన్నాడు గానీ, పిల్లకి మొదటిదే వినిపించింది.

"ఇంకోసారి చెప్పమ్మా. ఈసారి నీ సొంత మాటల్లో" అంది ఇందుమతి.

కుసుమ ఈసారి తడుముకుంటూ మొదలెట్టింది. "మా నాన్న టిఫిన్ హోటల్లో ఇడ్లీలు వేస్తాడు కదా మేడమ్, పై ప్లేటులోవి ఎప్పుడూ తడిసిపోతాయి. ఆవిరి పైకెళ్లి, మూతకి తగిలి, చల్లబడి, చుక్కలై కిందకి పడిపోద్ది. ఆ ఇడ్లీలు ఎవరికీ పెట్టం, నేనే తింటాను. వానంటే కూడా అదే కదా? పైన మూత లేదు, చలి ఉంది. అంతే."

పచ్చదీపం వెలిగింది.

పైడిరాజు తలుపు తోసుకుని లోపలికి వచ్చేశాడు. సంచిలోంచి కొత్త స్కేట్లు తీశాడు. అంటే నమ్మకంతో ముందే కొన్నాడన్నమాట. "ఇదిగోనమ్మా! ఇంకేటి కావాలో అడుగు, ఇస్తాను!"

కుసుమ స్కేట్ల వంక చూసింది గానీ అందుకోలేదు. టోపీ తీసి తండ్రికి ఇచ్చింది.

"నువ్వు పెట్టుకో నాన్నా."

"నాకెందుకే? ఏడో క్లాసుతో ఆపేసినోణ్ని."

"ఏదడిగినా ఇస్తానన్నావు కదా. నాకు రోజూ చెబుతావే, అవి చెప్పు."

పైడిరాజు గొంతు సవరించుకున్నాడు. "కష్టపడి చదువుకుంటే భవిష్యత్తు బాగుంటుంది." ఎర్రదీపం. "హాస్టల్లో ఉంటే క్రమశిక్షణ అలవడుతుంది." ఎర్రదీపం. "నేను చెప్పేదంతా నీ మంచికే." మళ్లీ ఎర్రదీపమే.

"మిషన్ పాడైనట్టుంది మేడమ్" అన్నాడు పైడిరాజు.

"పాడవలేదండీ. ఆ మాటలు మీకెవరు చెప్పారు?"

"మా నాన్న."

"ఆయనకి?"

"వాళ్ల నాన్నే చెప్పుంటాడు."

ఇందుమతి నవ్వు ఆపుకుంది. కుసుమ మాత్రం నవ్వలేదు. "వచ్చే టర్ములో మళ్లీ ఎర్రదీపం వస్తే నన్ను పంపేస్తావా?" అని అడిగింది.

పైడిరాజు స్కేట్లు పక్కన పెట్టాడు. "సీటు మాట్లాడొచ్చిన రోజు" అన్నాడు మెల్లగా, "మీ అమ్మా నువ్వూ అమ్మమ్మ ఇంటికి వెళ్లారు. పై ప్లేటు ఇడ్లీలు అలాగే ఉండిపోయాయి. పారేద్దామంటే చెయ్యి రాలేదు. ఆ పూట నాకు ముద్ద దిగలేదు. నిన్ను పంపడం నావల్ల కాదమ్మా."

టోపీలో పచ్చదీపం వెలిగింది.

రెండు టర్ములుగా బిగబట్టుకున్న ఊపిరంతా కుసుమ ఒక్కసారిగా వదిలేసింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అప్పుడు అందుకుంది స్కేట్లు. పైడిరాజు కూడా భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ప్రాణం తేలికపడింది అతనికి.

ఈ సంగతి బడంతా పాకడానికి ఎంతోసేపు పట్టలేదు. అప్పట్నుంచీ పచ్చదీపం తెచ్చుకున్న ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ ఒకటే బహుమతి అడగడం మొదలెట్టారు. సైకిళ్లు వద్దు, బొమ్మలు వద్దు, అమ్మో నాన్నో ఒక్కసారి టోపీ పెట్టుకుంటే చాలు.

నెల తిరక్కుండా తల్లిదండ్రుల సంఘం అత్యవసరంగా సమావేశమైంది. పిల్లల శ్రేయస్సు దృష్ట్యా, టోపీని పదిహేనేళ్లు దాటినవారెవరూ పెట్టుకోరాదని తీర్మానించింది. అధ్యక్షుడు ఆ తీర్మానం చదివే ముందు, ఎందుకైనా మంచిదని, టోపీని పక్కగదిలో పెట్టించి తాళం వేయించాడు.

సభకు రానివాడు పైడిరాజు ఒక్కడే. ఆ సమయానికి అతను గాలి స్కేట్ల మీద దూసుకుపోతున్న కూతురి వెనక, పడిపోతావే అని అరుస్తూ, వీధంతా పరిగెడుతున్నాడు.