రెండు నోళ్ల కార్బొరేటర్

మధ్యాహ్నం నుంచి వాన పడుతూనే ఉంది. జల్లు లోపలికి కొట్టకుండా చిన్న మేస్త్రీ షెడ్డు షట్టరు సగం దాకా దించుకుని, బల్బు వెలుతురులో ఆకురాయితో మానిఫోల్డు నోరు అరగదీస్తున్నాడు. మంచి హుషారు మీదున్నాడు. మధ్యమధ్యలో ఈల కూడా వేస్తున్నాడు.

ఎదురుగా బానెట్ ఎత్తి నిలబెట్టిన లారీ వాళ్ల నాన్న నాటిది. పెట్రోలు బండి. ముసలిదైనా మొండిదే కానీ, లోడు ఎక్కిస్తే మాత్రం ఎత్తు మీద ఆయాసపడి చతికిలబడుతుంది. రేపు పొద్దున క్వారీ యజమాని కళ్ల ముందు నిండు లోడుతో కొండదారి ఎక్కి చూపించాలి. ఎక్కిందా, క్వారీ రాయి తోలే పనంతా ఈ షెడ్డుదే. అందుకే పాత ఒంటినోటి కార్బొరేటర్ పీకి పారేసి, రెండు నోళ్లది తెచ్చాడు. దాన్నుంచి గాలీ పెట్రోలూ ఇంజనులోకి వెళ్లేది మానిఫోల్డు గొట్టంలోంచే కాబట్టి, ఆ గొట్టం నోరు కూడా పెద్దది చెయ్యాలి.

వాళ్ల అన్న పెద్ద మేస్త్రీ బతికుంటే ఈ పని జరగనిచ్చేవాడు కాదు. "నాన్న చేతి బండిరా ఇది. దీని మీద ఆకురాయి పెట్టావంటే చేతులు విరగ్గొడతా" అని మొదటిసారి అడిగినప్పుడే అన్నాడు. అక్కడితో ఆగకుండా తమ్ముణ్ణి షెడ్డులోంచి పొమ్మన్నాడు కూడా. ఆ రోజే, అన్న ఇంజను ఆన్‌లో ఉంచి బండి కింద దూరి ఏదో చూసుకుంటుంటే, తమ్ముడు పిల్లిలా బయటికొచ్చి షట్టరు కింద దాకా దించి గడియ పెట్టాడు. మిట్టమధ్యాహ్నం, సందులో పురుగు లేదు. షట్టరు మీద గుద్దుతున్న చప్పుడు కాసేపు వినిపించింది. "ఎత్తరా... ఎత్తరా..." అన్న మాటా వినిపించింది. తర్వాత ఇంజను చప్పుడొక్కటే మిగిలింది. అప్పుడు చప్పుడు కాకుండా గడియ తీసేశాడు. గాలిదుమ్ముకి తనే షట్టరు దించుకుని పొగకి పోయాడు పాపం అని అందరూ నోళ్లు నొక్కుకున్నారు. అందరికంటే గట్టిగా ఏడ్చింది తమ్ముడే. ఏడవడంలో కూడా వాడు పనిమంతుడే మరి.

మానిఫోల్డు ఊడదీశాక ఇంజను పక్కన గాలి రంధ్రాలు నోళ్లు తెరుచుకుని ఉంటాయి. ఇనప రజను లోపల పడకుండా వాటిలో గుడ్డపీలికలు కుక్కి ఉంచాడు. ఆకురాయి దులుపుకుంటూ అటు చూశాడు.

పీలికలు కదులుతున్నాయి.

అన్నీ ఒక్కసారే లోపలికి పోతున్నాయి. అన్నీ ఒక్కసారే బయటికి వస్తున్నాయి. మెల్లగా... నిద్రపోతున్న మనిషి గుండెల్లాగా.

ఈల ఆగిపోయింది. గాలి అయ్యుంటుందిలే అనుకున్నాడు. గాలేదీ? బయట వాన నిలువుగా పడుతోంది. దగ్గరికి వెళ్లి వంగాడు. పెట్రోలు వాసన రావాల్సిన చోట లవంగం వాసన వచ్చింది. అన్నకు పన్ను నొప్పి. ఎప్పుడూ బుగ్గలో ఓ లవంగం ఉండాల్సిందే.

చూస్తుండగానే ఒక పీలిక సర్రున లోపలికి పోయింది. తీగతో కెలికి బయటికి లాగితే తడిగా, వెచ్చగా ఉంది. 'పిరికివెధవా, పని కానీ' అని తనని తానే తిట్టుకుని, గాస్కెట్ పెట్టి, మానిఫోల్డు బిగించి, దాని మీద కొత్త కార్బొరేటర్ కూర్చోబెట్టి, పెట్రోలు పైపు తగిలించాడు.

"లోపల ఎవరయ్యా దగ్గుతున్నారు?"

ఉలిక్కిపడ్డాడు. వదిన. షెడ్డు వెనక గదుల్లోనే ఉంటుంది. గొడుగు ముడిచి, షట్టరు కిందనుంచి వంగి లోపలికి వచ్చింది.

"ఎవరూ లేరు వదినా. నేనే."

"నీ దగ్గు నాకు తెలీదా మరిదీ? అది నీది కాదు."

వాడు ఇంజను వైపు చూడకుండా తల తిప్పుకున్నాడు. అయినా పక్కన మనిషి ఉండటం ధైర్యంగా అనిపించి, "కాస్త బండెక్కి సెల్ఫ్ కొట్టవా వదినా?" అన్నాడు. అన్న ఉన్నప్పుడు ఆ సాయం ఆమెకి అలవాటే. ఎక్కి కూర్చుంది.

కొత్తదానికి చోక్ తీగ ఇంకా తగిలించలేదు. అలాంటప్పుడు మెకానిక్కులు కార్బొరేటర్ నోటికి అరచెయ్యి అడ్డం పెడతారు. గాలి తగ్గి పెట్రోలు ఎక్కువగా పడుతుంది, చల్లబడ్డ ఇంజను అందుకుంటుంది. అందుకోగానే చెయ్యి తీసేస్తారు.

రెండు నోళ్ల మీదా చెయ్యి పరిచాడు. "కొట్టు!"

ఇంజను అందుకుంది. చెయ్యి తీయబోయాడు.

రాలేదు.

గాలి అందని ఇంజను ఆగిపోవాలి. ఆగలేదు. కింద నుంచి చేతిని పీలుస్తోంది... ఒక్కో గుక్కకీ వాడి ఛాతీ లోపలికి కుంగుతోంది. ఊపిరి తీసుకుంటే గొంతు దాకా వచ్చి, మళ్లీ చేతిగుండా అటే పోతోంది.

"వదినా... ఆపు..."

బానెట్ అడ్డు. ఆమె కనిపించదు. గొంతొక్కటే వినిపించింది. ఎంత నెమ్మదిగా ఉందో ఆ గొంతు.

"లవంగం వాసన వస్తోంది మరిదీ."

"ఊపిరాడట్లేదు... ఆపు..."

"తలుపేసిన గదిలో పడుకోమంటేనే ఒప్పుకునే మనిషి కాదు మీ అన్న. ఆ రోజు షట్టరు ఎవరు దించారు?"

"గాలికి... దుమ్ముకి..."

ఇంజను ఒక పెద్ద గుక్క పీల్చింది. కళ్లు బయటికొచ్చాయి.

"ఎవరు దించారు?"

"నేనే... నేనే వదినా..."

"ఇన్నాళ్లూ నా చేతి అన్నం తిన్నావు కదరా!"

ఆమె వెంటనే తాళం తిప్పలేదు. వాడు మోకాళ్ల మీదికి జారడం, రెండో చేత్తో రేకు మీద గుద్దడం అన్నీ వింటూ కూర్చుంది. కసి తీరా వింది. తర్వాత తాళం తిప్పిన చప్పుడైంది. క్యాబిన్ తలుపు తెరుచుకుంది. అడుగులు బానెట్ చుట్టూ తిరిగి వచ్చాయి.

వదిన ఎదురుగా నిలబడింది. ఆమె మొహం పాలిపోయింది. తాళంచెవి ఆమె చేతిలోనే ఉంది.

ఇంజను తిరుగుతూనే ఉంది.

"నేను ఆపేశానురా..." గుసగుసగా అని, ఒక్కో అడుగూ వెనక్కి వేసింది. "మీ అన్నే... ఆపట్లేదు."

కార్బొరేటర్ పక్కనున్న యాక్సిలరేటర్ మీట, ఎవరూ తాకకుండానే, మెల్లగా ఇంకాస్త తెరుచుకుంది.