కింది వత్తి

కొరియర్ సాల్మే శవం మంగళవారం హెల్సింకి రేవులో తేలింది. గురువారానికల్లా ఆమె బదులు హిల్లార్ చేతిలో తాల్లిన్ ఓడ టికెట్ పెట్టాడు, దొంగచాటుగా బైబిళ్ళు పంపే మిషన్ పెద్ద వైనో.

"ఇదిగో, సమాధి దగ్గర పెట్టే కొవ్వొత్తి. లోపల మైక్రోఫిల్ము, కొత్త నిబంధన మొత్తం. పాస్టర్ ఒస్వాల్డ్ గారికి చేరితే అక్కడ రహస్యంగా అచ్చవుతుంది."

"పట్టుబడితే?"

"అడుగున ఇంకో వత్తి ఉంది. తిరగేసి ఆ కింది వత్తి వెలిగించు. పది సెకన్లలో బూడిద. జాగ్రత్త బాబూ! ఆ పెద్దాయన ఇప్పటికే పదేళ్ళు సైబీరియాలో మగ్గి వచ్చాడు. మళ్ళీ పంపారంటే ఇక రాడు."

హిల్లార్ పుట్టింది తాల్లిన్ ఉన్న ఎస్తోనియాలోనే. పదకొండో ఏట పడవలో పారిపోయినవాడు, ఇప్పుడు ఫిన్లాండ్ పాస్‌పోర్టుతో, పెట్టుడు మీసంతో దిగాడు. ఆదివారం శ్మశాన పండగ. సోవియట్ సర్కారు ఎంత మొత్తుకున్నా ఆ రోజు జనం తమవాళ్ళ సమాధుల దగ్గరికి రాక మానరు.

పాస్టర్ గారి చర్చిలో ఆర్గన్ వాయించే వీవీ, అతన్ని కలుసుకోవాల్సిన మనిషి, ఆ శ్మశానంలోనే కలిసింది. నల్ల గౌను, హైహీల్స్, చూపు తిప్పుకోనివ్వని అందం.

"బిర్చ్ చెట్లు ఆలస్యంగా చిగిర్చాయే," అన్నాడు.

"మంచు వదిలితేగా!"

కోడ్ పొల్లు పోలేదు. ఆమె "మా అమ్మండీ" అంటూ ఒక సమాధి ముందు మోకరిల్లి కళ్ళొత్తుకుంది. లేచి నేరుగా అతని దగ్గరికి వచ్చేసింది.

"అదిగో, పాస్టర్ గారు. మీ చేత్తోనే ఇవ్వండి, సంతోషిస్తారు."

హిల్లార్ చూపు ఆమె వెనక్కి పోయింది. సమాధి చుట్టూ నున్నగా దువ్విన ఇసుకలో ఆమె హీల్స్ గుంటలు అలాగే ఉన్నాయి. ఇక్కడ పుట్టినవాళ్ళు వెనక్కి నడుస్తూ, తమ అడుగుల్ని ఇసుక దువ్వే పళ్ళకర్రతో చెరిపేస్తూ వస్తారు. చిన్నప్పుడు ఒక్క అడుగు వదిలినందుకు అమ్మ అతని వీపు చిట్లగొట్టింది.

చెట్ల వెనక రెండు కెమెరాలు లేచాయి. ఒస్వాల్డ్ నవ్వుతూ చెయ్యి చాపాడు. ఆ చేతిలో కొవ్వొత్తి పడితే చాలు, ముసలాయన పని అయిపోయినట్టే.

హిల్లార్ చటుక్కున వంగాడు. కొవ్వొత్తి తిరగేసి పక్క సమాధి మీద నిలబెట్టి అగ్గిపుల్ల గీశాడు.

సీక్రెట్ పోలీసులు వచ్చి పడేసరికి మిగిలింది మసి. ఒస్వాల్డ్ ఆగలేదు. ప్రార్థన చెబుతూ ముందుకు సాగిపోయాడు, ఖాళీ చేతులతో.

"ఏం కాల్చావురా?" చేతులు వెనక్కి విరిచాడు ఆఫీసర్.

"దీపం పెట్టానండీ. పండగ కదా."

వీవీ ముఖం మాడిపోయింది. "నన్నెలా కనిపెట్టావ్?"

"అమ్మ చుట్టూ ఇసుక తొక్కేసి వచ్చావు తల్లీ."

హిల్లార్‌కు భయమేసింది, ఏడుపూ వచ్చింది. ఈడ్చుకెళ్తుంటే వెనక్కి తిరిగి చూశాడు. తాను దీపం పెట్టిన రాయి మీద ఎర్ర నక్షత్రం ఉంది. జిల్లాలో చర్చిలన్నీ మూయించిన పార్టీ కార్యదర్శి సమాధి అది. మత్తయి మొదలు ప్రకటన దాకా, కొత్త నిబంధన బూడిదంతా ఆయనగారి నెత్తినే పడింది.