కండ్లు పెట్టని బొమ్మ

తాళాలు జర పక్కకు పెట్టండి. భజన అయ్యింది కదా, ప్రసాదం పంచేలోపు ఒక ముచ్చట చెప్తా. దగ్గరికి జరిగి కూర్చోండి.

మా బిడ్డ రూపకు బొమ్మల పిచ్చి. దానికోసం జనగామలో పాత పేపర్లు కొనే పోశాలు దుకాణం చుట్టూ తిరుగుత. బొమ్మలు నేర్పే పత్రికలు, రంగులు కలపడం చెప్పే పుస్తకాలు ఏవొచ్చినా నాకని తీసిపెడ్తడు.

మొన్న వానలప్పుడు ఒక కట్ట ఇచ్చిండు. పాలకుర్తి దిక్కు గుడ్డ పటాల మీద దేవుళ్ల బొమ్మలు వేసే ముసలాయన చనిపోతే, ఇంట్లోవాళ్లు అమ్మినవట.

"అక్కా, నడుమ చేత్తో గీసిన బొమ్మ ఒకటి ఉన్నది. ఆడామె మొహం. కండ్లు లేవు. బిడ్డను పెట్టనియ్యకు."

"ఏం, లేచొస్తదా?"

పోశాలు నవ్వలే. "పటాలోళ్లు కండ్లు ఆఖరికి పెడ్తరక్కా. దీపం ముట్టించి, కొబ్బరికాయ కొట్టి. ఆయన దీనికి పెట్టకుండనే పోయిండు."

ఇంటికొచ్చి తడిసిన చీర మార్చుకునేలోపే రూప కట్ట విప్పింది. పత్రికలో మొదటి పాఠం పైకి చదువుతున్నది: 'కనపడినదే గీయండి. ఊహించి గీయకండి.' ఆ వెంటనే, "అమ్మా, ఈమెకు కండ్లు పెట్టుడు మరిచిండ్రు. నేను పెట్టిన!"

కరెంటు పోయింది.

రేకుల మీద వాన. ఆ చప్పుడు కింద ఇంకో చప్పుడు... కాగితం మీద కుంచె రాసుకున్నట్టు. పటాలోళ్లు గుడ్డకు పూసే ఉడికిన చింతగింజల బంక వాసన, పచ్చిగా. మా ఇంట్లో బంక ఎవరు కాచిండ్రు?

"రూపా..."

"మెల్లగ మాట్లాడమ్మా. ఆమె చూస్తున్నది."

ఫోన్ లైటు వేసిన. బొమ్మ కండ్లు తడిగా మెరుస్తున్నయి. వెలుగు రూప మొహం మీదికి తిప్పిన. రెప్ప కొట్టలే.

"లైటెయ్యమ్మా... నాకేం కనపడ్తలేదు."

బొమ్మ ముందు కూలబడి చేతులు జోడించిన. "తల్లీ, నా బిడ్డ కండ్లు ఇచ్చెయ్యి. కావాలంటే నావి తీస్కో." దేవతకు మొక్కినట్టే మొక్కిన. అది దేవతో, కాదో... ఆలోచించలే.

కుంచె చప్పుడు ఆగింది.

"అమ్మా, కనపడ్తున్నది!"

కరెంటొచ్చింది. నాకూ అన్నీ కనపడ్తున్నయి. సోమన్న దేవుడే కాపాడిండని ఏడ్చిన. తెల్లారి కట్టను పోశాలుకే ఇచ్చేసిన.

నిన్న రూప నన్ను ఎదురుగా కూర్చోబెట్టి నా బొమ్మ గీసింది. బొట్టు, ముక్కుపుడక, నెరిసిన వెంట్రుకలు సుత ఉన్నయి. కండ్ల చోట తెల్ల కాగితమే.

"కండ్లెప్పుడు పెడ్తవు బిడ్డా?"

అది నా మొహంలోకి చూసి, తల వంచుకున్నది.

"కనపడినదే గీసినమ్మా."

అద్దంలో చూసుకున్న. నాకైతే ఉన్నయి. మంచిగనే ఉన్నయి.

ముందల కూర్చున్నోళ్లు జర నా మొహం చూసి చెప్పండి...

ఏంది, అందరు తలలు వంచుకున్నరు?